చూరులో గ్లాసు, సింకు కింద గ్లాసు

(మా పేట కబుర్లు – 31)

"మేడమ్, మీరు వెజ్జా, నాన్‌వెజ్జా?"

పోయిన ఆదివారం గుంటూరులో ఒక ఇంటీరియర్ షాపులో మమ్మల్ని కూర్చోబెట్టి, చల్లటి నీళ్లిచ్చి, అక్కడి కుర్రాడు అడిగిన మొదటి ప్రశ్న ఇది. కొత్త ఫ్లాటులో వంటగదికి అరలు చేయించుకుందామని పోయాం. కులం అడిగే తీరులు నాకు చాలా తెలుసు. ఇంటిపేరు అడుగుతారు. ఊళ్లో ఏ బజారు అని అడుగుతారు. పాతకాలం వాళ్లయితే "మీరేమిట్లు?" అని సూటిగానే అడుగుతారు. కబోర్డులు అమ్మే చోట కూడా అడుగుతారా అని నేను బిగుసుకుపోయాను. ఏం సమాధానం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను.

ఆ పిల్లాడు అడిగింది చిమ్నీ కోసం. వేపుళ్లు, మాంసం ఎక్కువ వండే ఇంట్లో పొగ, జిడ్డు ఎక్కువ పీల్చే చిమ్నీ పెట్టాలి, దాన్నిబట్టి పై అరల కొలతలు మారతాయి. అంతే. పక్కన కూర్చున్న మా అమ్మ ఏ బిగింపూ లేకుండా చెప్పేసింది: "అన్నీ తింటాం నాయనా. ఎండుచేపలు కూడా. రాసుకో."

ఈ ముచ్చట క్లాసులో చెప్తే పిల్లలు నవ్వారు. "మాడ్యులర్ కిచెన్ మీద కూడా రాస్తారా మేడమ్?" అన్నారు. రాస్తాను. మనలో చాలామందికి మొదటి జీతం, మొదటి లోను, మొదటి సొంత వంటగది ఒకే తరంలో వస్తున్నాయి. ఏ అర ఎక్కడ పెట్టాలో చెప్పేందుకు మనకి తాతల నాటి ఇల్లు లేదు. షాపువాడు చూపించిన బొమ్మల పుస్తకమే దిక్కు. ఆ పుస్తకంలో ఎవరి ఇల్లు ఉందో చూసుకోవాలి కదా.

మా అమ్మ వంటిల్లు ఎలా ఉండేదో ముందు చెప్తాను. వంటిల్లు అనే మాటే పెద్దది దానికి. ఒకటే గది ఇల్లు. వేసవిలో వేపచెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి. వానాకాలం వస్తే అదే పొయ్యి ఇంట్లో ఒక మూలకి వచ్చేది, మేము ఇంకో మూలకి పోయేవాళ్లం. అరలంటే గోడలో రెండు గూళ్లు. ఒక గూట్లో కిరసనాయిలు బుడ్డి, ఒక గూట్లో ఉప్పు, కారం. కుండలు దొంతిగా ఒకదాని మీద ఒకటి. పిల్లి అందుకోకుండా కూరసట్టి ఉట్టి మీద. మిగిలిన సామానంతా మంచం కింద. ఇప్పుడు షాపులో "ఓవర్‌హెడ్ స్టోరేజ్", "టాల్ యూనిట్" అని చెప్తుంటే నాకు ఉట్టి, దొంతి గుర్తొచ్చాయి. ఉన్న కొంచెం జాగాలో పైకి సర్దుకోవడం మా అమ్మకి ఎవరూ నేర్పలేదు.

కామందు ఇంటి వంటగది మాత్రం నేనెప్పుడూ చూడలేదు. మా అమ్మ కూడా చూడలేదు. ఆ ఇంటి మిరప చేలో ఏళ్ల తరబడి పనిచేసింది, ఆ ఇంటి పెళ్లిళ్లకి రోళ్ల దగ్గర పిండి దంచింది. కానీ పొయ్యి ఏ వైపుందో తెలియదు. మాకు తెలిసిన సామాను ఒక్కటే. పశువుల కొట్టం చూరులో దోపిన సత్తు గ్లాసు. దాహమేస్తే ఆ గ్లాసు మనమే తీసుకుని పట్టుకుంటే పైనుంచి నీళ్లు పోసేవాళ్లు. తాగాక మనమే కడిగి మళ్లీ చూరులో దోపాలి. ఆరేడేళ్ల వయసులో ఒకసారి కడిగిన గ్లాసు అరుగు మీద పెట్టి వచ్చేశాను. అమ్మ పరుగున పోయి తీసి చూరులో పెట్టింది. నన్ను తిట్టలేదు. దారంతా నా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచింది. ఈ గ్లాసు సంగతి మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

స్త్రీవాద కవిత్వం చెప్పేటప్పుడు విమల గారి "వంటిల్లు" కవిత ప్రతి ఏడూ చెప్తాను. వంటింటిని ఆడదాని చెరగా చూపించిన కవితల్లో చాలా బలమైనది. ఆడపిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. ఒక ఏడాది వెనక బెంచీలోంచి మన పేట పిల్ల ఒకతి లేచి అడిగింది: "మేడమ్, మా ఇంట్లో వంటిల్లే లేదు. ఆరుబయటే వండుతాం. మేము దేంట్లోంచి బయటికి రావాలి?"

ఎగతాళికి అడగలేదు. నిజంగానే అడిగింది. ఆ రోజు నేను గోగు శ్యామల గారు సంకలనం చేసిన "నల్లపొద్దు" పేరు బోర్డు మీద రాసి, లైబ్రరీలో తీసి చదవమన్నాను. కానీ ఆ పిల్ల అడిగిన ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు. కవిత తప్పని కాదు. వంటింట్లో బందీ అయిన ఆడమనిషి బాధ నిజం. పొద్దున్నే నాలుగింటికి లేచి వండి, కూలికి పోయి, చీకటిపడ్డాక వచ్చి మళ్లీ వండిన ఆడమనిషికి వానలో తడవని పొయ్యి కావాలనుకోవడం కూడా నిజం. మా అమ్మ నన్ను అడిగింది గ్రానైట్ కాదు. "నిలబడితే తలకి ఏదీ తగలకూడదు, పొగ కంట్లోకి రాకూడదు" అంది. అంతే ఆమె డిజైను.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. ఇవాళ మనం మాడ్యులర్ కిచెన్ అంటున్న దానికి తల్లిలాంటి వంటగది ధనవంతుల కోసం పుట్టలేదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం కార్మికులకి, చిన్న జీతాల వాళ్లకి పెద్దఎత్తున ఇళ్లు కడుతోంది. ఆ పనికి పెద్ద ఎర్న్‌స్ట్ మే. ఆయన బృందంలో ఉన్న ఆస్ట్రియా ఆర్కిటెక్టు మార్గరెటె షూట్టె-లిహోట్స్కీ ఆ ఇళ్లకి వంటగది గీసింది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. రైలు భోజనపెట్టెలో అంత ఇరుకు జాగాలో అంతమందికి ఎలా వండుతున్నారో గమనించింది. పొయ్యి నుంచి సింకుకి, సింకు నుంచి గట్టుకి ఆడమనిషి ఎన్ని అడుగులు వేస్తుందో లెక్కపెట్టింది. బియ్యం, పంచదార లాంటి వాటికి పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టింది. సుమారు 10,000 ఇళ్లలో ఆ వంటగది అమర్చారు. ఆమె కమ్యూనిస్టు. నాజీలకి వ్యతిరేకంగా పనిచేస్తూ 1941లో పట్టుబడి జైలుకి పోయింది. 2000లో, నూటమూడో పుట్టినరోజుకి కొద్దిరోజుల ముందు చనిపోయింది.

ఆ వంటగదిలో ఒక లోపం కూడా ఉంది. ఒక్క మనిషే పట్టేంత గది. ఆడమనిషిని ఒంటరిగా నాలుగు గోడల మధ్య పెట్టిందని 1970లలో స్త్రీవాదులు విమర్శించారు. అడుగులు తగ్గించింది గానీ ఆ అడుగులు ఎవరు వెయ్యాలో మార్చలేదు. రెండు మాటలూ నిజమే. షాపులో మెరిసే బొమ్మలు చూస్తున్నప్పుడు నాకు ధైర్యం ఇచ్చింది మాత్రం మొదటి మాట. ఇది మనది కాని వస్తువేమీ కాదు. కూలోళ్ల ఇళ్ల కోసం పుట్టిందే తిరిగి తిరిగి మన దగ్గరికి లక్షల ఖరీదుతో వచ్చింది.

ఇక బేరం సంగతి. మాది 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు ఉన్న వంటగది. షాపు కుర్రాడు ముందు చూపించింది అద్దంలా మెరిసే తెల్లటి అక్రిలిక్. మొత్తం 3 లక్షల 80 వేలు అన్నాడు. నేను మనసు పారేసుకున్నానని ఒప్పుకుంటున్నాను. ఏ సినిమాలో చూసినా అదే వంటగది. మా అమ్మ దగ్గరికి పోయి వేలుతో రుద్దింది. వేలిముద్ర పడింది. "పసుపు చేత్తో ముట్టుకుంటే?" అంది. కుర్రాడు మాట్లాడలేదు.

తర్వాత మా ఊరి కార్పెంటర్ తమ్ముడిని పిలిచి అన్నీ విప్పి చెప్పించుకున్నాను. మీకు పనికొస్తుందని రాస్తున్నా. కబోర్డు అంటే రెండు వస్తువులు, లోపలి పెట్టె, బయటి తలుపు. షాపువాళ్లు మాట్లాడేదంతా తలుపు గురించే. డబ్బులు మిగిలేదీ, పోయేదీ పెట్టె దగ్గర. పార్టికల్ బోర్డు చవక, కానీ అది చెక్కపొట్టుని జిగురుతో అదిమిన అట్ట. నీళ్లు తగిలితే ఉబ్బిపోతుంది, మేకు నిలవదు. ఎండీఎఫ్ నున్నగా ఉంటుంది, తడికి అదీ ఓర్చుకోదు. సింకు కింద మాత్రం ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైవుడ్డే పెట్టించుకోండి. ముద్ర కళ్లతో చూడండి, మాట నమ్మొద్దు. తలుపులకి మైకా అంటించిన ప్లైవుడ్ మన వంటలకి గట్టిది. గీతలు పెద్దగా కనపడవు, తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఎండీఎఫ్ మీద పల్చటి పొర లాగి అంటించే మెంబ్రేన్ తలుపులు పొయ్యి పక్కన పెడితే సెగకి ఊడతాయి. అక్రిలిక్ కావాలంటే పొయ్యికి దూరంగా పై అరలకి వేసుకోండి. కింద తలుపుల కంటే సొరుగులు మేలు. వంగి లోపల తల పెట్టి వెతుక్కోనక్కర్లేదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మలు ఉన్న ఇళ్లలో ఇది చాలా పెద్ద విషయం. సొరుగుకి ఖర్చు ఎక్కువే, ఇంకో చోట తగ్గించుకోండి.

గట్టు ఎత్తు దగ్గర ఇంకో పంచాయితీ వచ్చింది. వాళ్ల కొలత 34 అంగుళాలు. "అందరికీ ఇదే స్టాండర్డ్ మేడమ్" అన్నాడు. మా అమ్మ ఎత్తు 4 అడుగుల 9 అంగుళాలు. ఆ గట్టు ముందు నిలబెడితే మోచేతులు పైకి లేచాయి. బడిలో టీచరు బల్ల ముందు నిలబడ్డ పిల్లలా ఉంది. గట్టు మోచేతికి నాలుగైదు అంగుళాల కిందికి ఉంటే భుజాలు నొప్పి పుట్టవు. అది వండే మనిషిని బట్టి మారే కొలత. స్టాండర్డ్ అనే మాట వినపడ్డప్పుడల్లా ఎవరి ఒంటి కొలత తీసుకుని స్టాండర్డ్ చేశారని అడగడం మనం క్లాసురూముల్లో నేర్చుకున్నాం, వంటగదిలో కూడా అడగాలి. పొయ్యి ఉన్న వైపు 34 ఉంచి, కిటికీ వైపు నాలుగడుగుల మేర గట్టు 30కి దించాం. ఆ పక్కన కింద అర పెట్టకుండా ఖాళీ వదిలించాం. అక్కడ పీట వేసుకుని కత్తిపీటతో తరుక్కుంటుంది. "అంత జాగా వేస్టు మేడమ్" అన్నాడు కుర్రాడు. ఆయనకి అర్థం కావాల్సిన పని లేదు.

తలుపున్న వంటగదా, ఓపెన్ కిచెనా అన్నదాని మీద ఇంట్లో మూడు రోజులు గొడవ. మా ఆయనకి ఓపెన్ కావాలి. ఆదివారం వంట ఆయనదే, వండుతూ మాతో కబుర్లు చెప్పడం ఇష్టం. నాకూ అదే. అమ్మ ఒప్పుకోలేదు. "తలుపుంటే మంచిదమ్మాయ్. ఎవరన్నా వస్తే వేసుకోవచ్చు" అంది.

"ఎందుకు వేసుకోవాలమ్మా?"

ఆమె బదులు చెప్పలేదు. నాకు తెలుసు. నేను పీహెచ్‌డీ చేసే రోజుల్లో హైదరాబాదులో ఒక ఇంట్లో అద్దెకున్నాను. అమ్మ ఊరి నుంచి ఎండుచేపలు, ఎండబెట్టిన మాంసం తొనకలు పంపేది. కిటికీలు మూసి, తలుపు కింద తడిగుడ్డ పెట్టి వండుకునేదాన్ని. అయినా ఒకరోజు పై అంతస్తులోంచి ఇంటావిడ దిగి వచ్చింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని "మీరేం వండుతున్నారు?" అని కాదు, "మీరెవరు?" అని అడిగింది. నెల తిరక్కుండా ఖాళీ చేశాను. థీసిస్‌లో మన కథల్లో ఆకలి గురించి రాస్తూ, రాత్రిపూట తడిగుడ్డ పిండి తలుపు సందులో పెట్టిన మనిషిని నేను. అమ్మకి ఈ సంగతి తెలుసు. తలుపు అడుగుతున్నది నా కోసమే.

మరాఠీలో షాహూ పాటోళె దళితుల వంటల మీదే ఒక పుస్తకం రాశాడు. ఏ వంట పుస్తకాల్లోనూ చోటు లేని మన కూరలు, మన తునకలు అందులో ఉన్నాయి. ఆ సంగతి అమ్మకి చెప్తే "దాని మీద కూడా పుస్తకమా!" అని చాలాసేపు నవ్వింది. తర్వాత కాసేపటికి "సరే, తలుపు వద్దులే. ఆ పొగ గొట్టం మాత్రం బయటికి తీయించు" అంది. తీయించాం. చిమ్నీ రెండు రకాలు. ఒకటి గొట్టంతో పొగని బయటికి పంపేది, ఇంకోటి వడకట్టి అదే గాలిని మళ్లీ గదిలోకి వదిలేది. మనకి మొదటిదే పనికొస్తుంది.

ఇప్పుడు గ్లాసు సంగతి.

డిజైను అంతా అయ్యాక కుర్రాడు కంప్యూటర్లో చూపిస్తూ, సింకు కింద ఒక చిన్న వైరు బుట్ట చూపించాడు. "ఇది మెయిడ్ సామానుకి మేడమ్. ప్లేటు, గ్లాసు. చాలామంది అడుగుతున్నారు, అందుకే మేమే ఇచ్చేస్తున్నాం."

అమ్మకి అర్థం కాలేదు. "ఎవరి సామాను?" అంది. అతను మళ్లీ చెప్పాడు. అమ్మ స్క్రీన్ వంక, నా వంక చూసింది. "చూరు కిందికి దిగిందన్నమాట" అంది.

నేను కోపంగా "మాకు అదేం వద్దు" అనేశాను. చాలా గొప్పగా అన్నాను. ఆటోలో అమ్మ అడిగింది: "మరి మన ఇంట్లో ఆ పిల్ల గ్లాసు కిటికీలో ఎందుకుంటదే?"

నా నోట మాట రాలేదు. మా అద్దింట్లో పనిచేసే అక్క గ్లాసు రెండేళ్లుగా వాష్ ఏరియా కిటికీలో ఉంటోంది. నేను పెట్టలేదు. వచ్చిన మొదటి వారం ఆమే తన ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకుని అక్కడ పెట్టుకుంది. కులం నిచ్చెనలో ఆమెది మాకంటే ఒక మెట్టు పైన అని లెక్క. మా ఇంటి గ్లాసులో తాగడం ఆమెకి ఇష్టం లేదనుకున్నాను. కడుపులో ఏదో మెలిపెట్టింది గానీ అడగలేదు. అడిగితే ఆ మాట ఆమె నోటి నుంచి వినాల్సి వస్తుందని భయం. ప్రతి డిసెంబరు 6న అంబేడ్కర్ చెప్పిన అంతస్తుల అసమానత గురించి మైకు ముందు గంటసేపు మాట్లాడతాను. మా ఇంటి కిటికీలో ఉన్న అంతస్తు గురించి రెండేళ్లు నోరెత్తలేదు.

మా అమ్మకి అలాంటి మొహమాటాలు లేవు. మర్నాడు టీ పోస్తూ అడిగేసింది. "ఏమ్మా, మా గ్లాసుల్లో తాగవా? మేం ఫలానా అనా?"

ఆమె గాబరా పడింది. "అయ్యో పెద్దమ్మా! అదేం లేదు. ముందు చేసిన ఇంట్లో నీ గ్లాసు నువ్వే తెచ్చుకో, లోపల పెట్టొద్దు అన్నారు. ఏ ఇంట్లోనైనా అంతేనేమోనని ఇక్కడా తెచ్చుకున్నా. మేడమ్ కూడా ఏం అనలేదుగా."

మేడమ్ ఏం అనలేదు. నిజమే. నన్ను ఆమె దూరం పెడుతోందని నేను, ఆమెని నేను దూరం పెడుతున్నానని ఆమె, రెండేళ్లు ఒకే కిటికీ వంక చూశాం. ఆమె చెప్పింది పూర్తి నిజమేనా, అమ్మ సూటిగా అడిగితే సర్దుకుని చెప్పిందా, నాకు తెలియదు. తెలియకపోయినా తప్పు నా వైపు ఉంది. జీతం ఇచ్చేది నేను. నోరు తెరవాల్సింది ముందు నేనే. కులం వల్ల గాయపడ్డ మనిషిని కాబట్టి నా చేత్తో ఆ పని జరగదని నాకో ధీమా ఉండేది. కార్యకర్తలుగా మనందరికీ ఆ ధీమా ఉంది. ఈ మాట రాయడానికే ఇంత దూరం వచ్చాను.

ఆ గ్లాసు ఇప్పుడు కిటికీలో లేదు. మిగతా గ్లాసులతో కలిసిపోయింది. మొదటి రెండు రోజులు ఆమె వెతికి దాన్నే తీసుకుని తాగింది. మూడో రోజు చేతికి ఏది అందితే అది తీసుకుంది. టీ మాత్రం ఇంకా వాష్ ఏరియాలో నిలబడే తాగుతోంది. కుర్చీ వేసి పిలిస్తే "పని ఉందమ్మా" అంటుంది. అది ఒక్క అరతో మారేది కాదు.

వచ్చే సోమవారం కొత్త ఫ్లాటులో పని మొదలుపెడతారు. ప్లైవుడ్, మైకా, మన కార్పెంటర్ తమ్ముడి చెయ్యి, మొత్తం 2 లక్షల 10 వేలు. మిగిలిన దాంట్లో పుస్తకాలకి గోడంతా అలమర. బాబాసాహెబ్ దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నది పుస్తకాల కోసమే కదా, ఆ మాత్రం మాకూ ఉండాలన్నాడు మా ఆయన. కింది అరలు నీలం రంగు. మీరు నవ్వుతారని తెలుసు. ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది కూడా నీలం కలిసిన ఆకుపచ్చే, ఆ రంగు మీద ఈగలు వాలవని అప్పట్లో అనుకునేవాళ్లు. సింకు కింద బుట్ట లేదు. గ్లాసులన్నిటికీ ఒకటే అర, అది అందరికీ చెయ్యి అందే ఎత్తులో.

పై అరల్లో ఒక్కదానికి మాత్రం అద్దం తలుపు పెట్టించాం. నేను వద్దన్నాను, అద్దాల అరల్లో సామాను చూపించుకోవడం మనకెందుకని. అమ్మ పట్టుబట్టింది. మిరపకాయల కోతలకి పోయిన డబ్బులతో ఆమె కొన్న మొదటి స్టీలు బిందె ఉంది. మెడ మీద ఆమె పేరు చెక్కించింది. చెక్కినవాడు ఒక అక్షరం తప్పు చెక్కాడు. చదువు రాదు కాబట్టి ఆమెకి తెలియలేదు, ఏడో తరగతిలో నేను చదివి చెప్పేదాకా. ఆ బిందె అందులో పెట్టాలట.

"పేరు ఇటు తిప్పి పెట్టాలి. వచ్చినోళ్లకి కనపడాలి" అంది.

జై భీమ్.